మావోడు పాసేనా సార్?

ఏప్రిల్ చివరి వారం. బడులకు సెలవులిచ్చేశారు. మా వీధి మలుపులో టిఫిన్ బండి పెట్టుకున్నామె పొద్దున బేరం ముగించుకుని, ఒక ప్రోగ్రెస్ కార్డు, ఒక సెల్‌ఫోను పట్టుకొచ్చి మా ఇంటి మెట్ల మీద కూర్చుంది. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరై తిరుపతిలో స్థిరపడ్డాను కాబట్టి, ఈ సీజన్లో మా వీధివాళ్లకు నేను ఉచిత సలహా కేంద్రం.

“చిన్నోడు అయిదో క్లాసు సార్. బి ప్లస్ అని ఏసినారు. మావోడు పాసేనా?”

“పాసేనమ్మా.”

“లెక్కల్లో మటుకు సి అని ఉండాది?”

“అదీ పాసే.”

ఆమె నా ముఖంలోకి అనుమానంగా చూసింది. తర్వాత ఫోను తీసింది. పెద్దమ్మాయి ఇంటర్ ఫస్టియర్. ఫిజిక్స్‌లో పోయింది. “ఇది మళ్లీ ఫస్టియరే కూర్చోవాల్నా?”

“అక్కర్లేదు. సెకండియర్‌కు పోవచ్చు. ఫిజిక్స్ మటుకు మళ్లీ రాయాల.”

“చిన్నోడికి సి వచ్చినా పాసే, పెద్దది ఫెయిలయినా పైక్లాసే. మరి ఈ పరీక్షలన్నీ ఎవురి కోసరం సార్?”

ముప్పై ఏళ్లకు పైగా జవాబు పత్రాలు దిద్దినవాణ్ని. ఆ ప్రశ్నకు మాత్రం అప్పటికప్పుడు నోరు పెగల్లేదు.

చిక్కంతా ‘పాస్’ అనే మాటలో ఉంది. ఆ ఒక్క మాటతో మనం మూడు వేర్వేరు పనులను పిలుస్తున్నాం. పిల్లవాడు ఎంతవరకు నేర్చుకున్నాడో చూడడం ఒకటి. వాణ్ని పై తరగతిలో కూర్చోబెట్టడం ఇంకొకటి. ‘ఇతను ఇంత చదివాడు’ అని ప్రభుత్వం ముద్ర వేసి కాగితం ఇవ్వడం మరొకటి. మా చిన్నప్పుడు మొదటి రెండూ యాన్యువల్ పరీక్షతోనే తేలిపోయేవి కాబట్టి తేడా తెలిసేది కాదు. ఇప్పుడు ఎనిమిదో తరగతి దాకా చూడడం ఉంది, పంపడం దానంతటదే జరిగిపోతుంది, ముద్ర లేదు. పదిలో ముద్రే సర్వస్వం. ఇంటర్‌లో ముద్ర పడకపోయినా పైకి పంపుతారు. ఒకే ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే మూడు రకాల ‘పాస్’లు ఉండేది అందుకే.

నోటీసు బోర్డు రోజులు

యాన్యువల్ పరీక్షలయ్యాక హెడ్మాస్టరు గది బయట నోటీసు బోర్డుకు ఒక కాగితం అంటించేవాళ్లు. అందులో పేరుంటే పాస్, లేకపోతే అదే బెంచీ. ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉండేది, దానికి ఊరు కాని ఊరిలో సెంటరు పడేది. పేరు లేని పిల్లలు ఏమయ్యేవాళ్లన్నది ఆ బోర్డు మీద ఉండదు. తమ్ముడి వయసు పిల్లల పక్కన కూర్చోలేక కొందరు వారం రోజులు వచ్చి మానేసేవాళ్లు. మగపిల్లలు మామిడి తోటలకో, మెకానిక్ షెడ్డుకో పోయేవాళ్లు. ఆడపిల్లకు సంబంధాలు చూసేవాళ్లు. ఫెయిలైన పిల్ల మళ్లీ అదే పాఠం బాగా నేర్చుకుంటుందని మేం కాగితం మీద రాసుకున్నాం గానీ, మళ్లీ అదే టీచరు, అదే పుస్తకం, అదే పద్ధతి. రెండోసారి కొత్తగా అర్థం కావడానికి కారణమేముంది?

విద్యాహక్కు చట్టం ఈ అనుభవంలోంచి వచ్చింది. 2009లో పార్లమెంటు ఆమోదించింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు హక్కు. అందులో 16వ సెక్షన్ ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ బిడ్డనూ అదే తరగతిలో నిలపకూడదు, బడి నుంచి తీసేయకూడదు అంది. 30వ సెక్షన్ అప్పటిదాకా బోర్డు పరీక్ష అవసరం లేదంది. జనానికి గుర్తున్నవి ఈ రెండే. ‘ఆల్ పాస్ చట్టం’ అని పేరు పెట్టేశారు.

కానీ అదే చట్టంలో ఇంకో రెండు మాటలున్నాయి. 29వ సెక్షన్ పిల్లల అవగాహనను ఏడాది పొడవునా, అన్ని వైపుల నుంచీ చూస్తూ ఉండాలంటుంది. నిరంతర సమగ్ర మూల్యాంకనం, బడి భాషలో సీసీఈ, దీన్నుంచే వచ్చింది. 24వ సెక్షన్ ప్రతి బిడ్డ ఎంతవరకు నేర్చుకోగలుగుతోందో అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించడం టీచరు విధి అంటుంది. మంచానికి నాలుగు కోళ్లు ఇచ్చారు. మనం రెండు బిగించి, మిగతా రెండూ అటక మీద పెట్టి, మంచం కుంటుతోందని పదిహేనేళ్లుగా తిడుతున్నాం.

టీచర్ల తప్పేనా అంటే, అదీ పూర్తిగా నిజం కాదు. అయిదు తరగతులను ఒకరో ఇద్దరో టీచర్లు చూసుకునే ప్రాథమిక పాఠశాలలు మన కొండపల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ అయిదో తరగతికి భిన్నాలు చెప్పే మనిషి, వెనకబడిన నలుగురికి అదనపు బోధన ఏ గంటలో చెయ్యాలి?

యాభై మార్కుల లోపల

మన రాష్ట్రంలో సీసీఈ అంటే నాలుగు ఫార్మేటివ్‌లు, రెండు సమ్మేటివ్‌లు. ఎఫ్‌ఏ, ఎస్‌ఏ అని పిల్లలు కూడా అనేస్తారు. ఫార్మేటివ్ అంటే పాఠం నడుస్తుండగా చూసేది. వంట చేస్తూ ఉప్పు చూసుకున్నట్టు. సమ్మేటివ్ అంటే విస్తట్లో వడ్డించాక తిని చెప్పేది.

ఎఫ్‌ఏకు ఒక్కో సబ్జెక్టులో 50 మార్కులు అనుకున్నారు. తరగతిలో పాల్గొని తన మాటల్లో స్పందించినందుకు 10, రాత పనికి 10, ప్రాజెక్టుకు 10, స్లిప్ టెస్టుకు, అంటే చిన్న రాత పరీక్షకు, 20. ఇది ఎవరో ఆలోచించి పెట్టిన పద్ధతేనని ఇప్పటికీ అనుకుంటాను. పరీక్ష హాల్లో బిగుసుకుపోయే పిల్ల, తరగతిలో చక్కగా మాట్లాడే పిల్ల అయితే ఆ 10 మార్కులు ఆమెను పట్టి చూపించాలి. ఆరు నుంచి తొమ్మిది తరగతుల్లో ఈ ఎఫ్‌ఏల మార్కులను 20కి కుదించి, 80 మార్కుల ఎస్‌ఏకు కలిపి, 100కు లెక్క కట్టడం చాలా ఏళ్లు నడిచింది.

జరిగింది వేరు. ప్రాజెక్టు అనేది జెరాక్స్ షాపు వ్యాపారమైంది. ‘భూగర్భ జలాలు’ అని అడిగితే షాపువాడే బొమ్మలతో సహా ప్రింటు తీసి ఇస్తాడు, పిల్లవాడు అట్ట మీద పేరు రాసుకుంటాడు. పదికి తొమ్మిది. రాత పనికి తొమ్మిది. పాల్గొన్నందుకు తొమ్మిది. రికార్డులు చూడటానికి అధికారులు వస్తున్నారంటే స్టాఫ్ రూములో కూర్చుని మూడు నెలల మార్కులు ఒక్క సాయంత్రం వేసినవాళ్లున్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను, దాచడమెందుకు? అరవై మంది పిల్లలు, మూడు సెక్షన్లు, ప్రతి ఒక్కరికీ నాలుగు గడులు. రిజిస్టరు నిండింది గానీ ఆ అంకెలను చూసి ఏ పిల్లకు ఏం రాదో చెప్పమంటే నేనే చెప్పలేను.

నమ్మదగింది స్లిప్ టెస్టు ఒక్కటే అనిపించిందేమో, 2022-23లో సీబీఏ (తరగతి గది ఆధారిత మూల్యాంకనం) అంటూ ఒకటి నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు ఓఎంఆర్ షీట్లతో పరీక్ష పెట్టారు. రెండో తరగతి బిడ్డ గుండ్రాలు దిద్దడం నేర్చుకోవడానికే సగం టైము సరిపోయిందని అప్పట్లో టీచర్లు వాపోయారు. ప్రభుత్వాలు మారాయి, పద్ధతులు మారాయి. పేరు మారినప్పుడల్లా కొత్త రిజిస్టరు వచ్చింది.

ఇంతకీ టిఫిన్ బండామె కొడుకు ‘సి’ సంగతి. చిన్న తరగతుల్లో ఎ ప్లస్ దగ్గర మొదలై సి దగ్గర ఆగుతుంది గ్రేడు. దాని కింద ‘ఫెయిల్’ అనే గడి లేదు. అంటే సి అన్నది శిక్ష కాదు, ‘ఇక్కడ పని మిగిలిపోయింది’ అని టీచరుకు, ఇంటికి వచ్చిన చీటీ. ఆ చీటీ చదివేవాళ్లు లేక అది చెత్తబుట్టలో పడుతోంది. నేను ఆమెను కార్డు వదిలేసి స్లిప్ టెస్టు పేపర్లు తెమ్మన్నాను. పుస్తకాల సంచిలో మడతలు పడి దొరికాయి. 52లోంచి 27 తీసేస్తే 35 అని రాశాడు. 81లోంచి 46 తీసేస్తే 45. అన్నీ ఒకే తప్పు. ఒకట్ల స్థానంలో చాలకపోతే పక్కనుంచి అప్పు తెచ్చుకుంటున్నాడు, అక్కడిదాకా బాగానే చేస్తున్నాడు. అప్పిచ్చిన పదుల స్థానంలో ఒకటి తగ్గించడం మర్చిపోతున్నాడు. మూడో తరగతిలో ఎవరో ఒకరు పది నిమిషాలు పక్కన కూర్చుంటే సరిపోయే తప్పు. రెండేళ్లుగా వాడితోపాటు క్లాసులు మారుతోంది.

మార్కులు అడిగే చోట్లు

ఎనిమిది దాకా ఫెయిల్ లేదు కాబట్టి మార్కులకు విలువే లేదనుకుంటే అదీ పొరపాటే. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు, తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటనివాళ్లకు. కానీ ఆ పరీక్షకు కూర్చోవాలంటే ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు. ‘ఏడో తరగతేలే’ అని వదిలేసిన చోటే 48,000 పోయే అవకాశం ఉందన్నమాట. హైస్కూల్లో ఉన్నప్పుడు ఏటా ఈ మాట చెప్పి చెప్పి నా గొంతు పోయేది.

హాజరుకూ అలాంటి పట్టే ఉంది. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు పడాలంటే 75 శాతం హాజరు అడుగుతున్నారు. పిల్లలకు రిజల్టు టెన్షన్, తల్లులకు హాజరు టెన్షన్. పై తరగతికి పంపే పని ఇప్పుడు హెడ్మాస్టరు సంతకంతో కాక, బడుల, పిల్లల వివరాలన్నీ ఎక్కించే యూడైస్ పోర్టల్లో జరుగుతుంది. ఒక బడి నుంచి పేరు తీసి ఇంకో బడిలో ఎక్కించకపోతే ఆ పిల్ల ‘డ్రాప్‌బాక్స్’ అనే ఖాతాలో పడి ఉంటుంది. బెంగళూరుకో తిరుత్తణికో పనికి పోయి జూన్‌లో తిరిగొచ్చే కుటుంబాలు టీసీ తెచ్చుకోవడం మర్చిపోవద్దని చెప్పేది అందుకే.

ఒకే వీధి, రెండు రూళ్లు

మా పై వాటాలో రైల్వే ఉద్యోగి కుటుంబం అద్దెకుంటుంది. వాళ్లబ్బాయి కూడా అయిదో తరగతే, కానీ కేంద్రీయ విద్యాలయంలో. వాడికి లెక్కల్లో సి లాంటిది వస్తే కథ వేరు.

2019లో విద్యాహక్కు చట్టాన్ని సవరించారు. అయిదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టాలి. తప్పినవాళ్లకు అదనంగా చెప్పి, ఫలితాలు వచ్చిన రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాలి. అప్పుడూ తప్పితే అదే తరగతిలో నిలపాలా వద్దా అన్నది ఆయా ప్రభుత్వాల ఇష్టం. బడి నుంచి తీసేయడం మాత్రం అప్పటికీ కుదరదు. 2024 డిసెంబరులో కేంద్రం తన కిందున్న బడులకు ‘నిలపవచ్చు’ అని నిబంధనలు నోటిఫై చేసింది. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, సైనిక్ స్కూళ్లు దాని కిందికి వస్తాయి. రాష్ట్రాల్లో కొన్ని నిలిపే దారి పట్టాయి, కొన్ని పాత పద్ధతిలోనే ఉన్నాయి. ఆ నోటిఫికేషన్ వచ్చేనాటికి మన రాష్ట్రం నిలపని వరసలో ఉంది. పై వాటా పిల్లవాడిని నిలపవచ్చు, వీధి మలుపు పిల్లవాడిని నిలపరు. సాయంత్రం ఇద్దరూ ఒకే టెన్నిస్ బంతితో ఆడుకుంటారు.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. ‘మాది సీబీఎస్‌ఈ స్కూలు, మాకు ఢిల్లీ రూలే’ అంటారు ప్రైవేటు బడి తల్లిదండ్రులు. సీబీఎస్‌ఈ అన్నది బోర్డు. అది సిలబస్ చూస్తుంది, పది, పన్నెండు పరీక్షలు పెడుతుంది. ఎనిమిది దాకా పిల్లను నిలపాలా వద్దా అన్నది విద్యాహక్కు చట్టం మాట, అందులో తిరుపతిలోని ప్రైవేటు బడికి ‘ప్రభుత్వం’ అంటే రాష్ట్ర ప్రభుత్వమే.

ప్రైవేటులో నిలపడం ఇంకో రూపంలో ఉంటుంది, అది ఏ జీవోలోనూ కనబడదు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటారు. వారం వారం టెస్టులు, ర్యాంకులు. ర్యాంకు తగ్గితే ‘ఎ’ సెక్షన్లోంచి ‘సి’ సెక్షన్‌కు దించుతారు. మంచి టీచర్లు ‘ఎ’లోనే ఉంటారు. పిల్ల పై తరగతికి పోయినట్టే కాగితం మీద ఉంటుంది, కానీ పదకొండేళ్లకే ఆమె ఎంతటిదో గీత గీసేశారు. పాత నోటీసు బోర్డు కంటే ఇది మర్యాదగా ఉందా అంటే నాకలా అనిపించదు.

తొమ్మిది అనే సందు

విద్యాహక్కు చట్టం రక్షణ ఎనిమిదితో ఆగిపోతుంది. బోర్డు పరీక్ష పదిలో మొదలవుతుంది. మధ్యలో తొమ్మిది ఎవరికీ పట్టని తరగతి. ప్రభుత్వ బడుల్లో మామూలుగా అందర్నీ పదికి పంపేస్తారు. సీబీఎస్‌ఈ బడుల్లో తొమ్మిదో తరగతి పరీక్ష బడి చేతిలోనే ఉంటుంది, సబ్జెక్టుకు 33 శాతం రాకపోతే నిలిపే బడులున్నాయి.

కొన్ని ప్రైవేటు బడుల్లో ఇంకో తంతు నడుస్తుంది. మా బంధువుల అబ్బాయికి తొమ్మిదయ్యాక ఒక బడివాళ్లు ఫోను చేసి “మీవాడు పది తట్టుకోలేడు, టీసీ ఇస్తాం, వేరే చోట చూసుకోండి” అన్నారు. మరుసటి ఏడాది ఆ బడి ఫ్లెక్సీలో నూరు శాతం ఉత్తీర్ణత అని పెద్ద అక్షరాలతో వేసుకున్నారు. ఆ వందలో మావాడు లేకపోవడమే ఆ వందకు కారణాల్లో ఒకటి. వాడు ప్రభుత్వ హైస్కూల్లో చేరి పది పాసయ్యాడు, ఫ్లెక్సీ లేకుండా.

అలిపిరి నుంచి నడిచి కొండెక్కినవాళ్లకు తెలుసు. గాలి గోపురం దాటాక దారి చదునుగా సాగుతుంది, కబుర్లు చెప్పుకుంటూ నడుస్తాం, ఇక వచ్చేశామనుకుంటాం. అప్పుడొస్తుంది మోకాళ్ల పర్వతం. తొమ్మిదో తరగతి ఆ చదును దారి.

పది

మన పదో తరగతి ఇప్పుడు ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. చాలా ఏళ్లు పదకొండు పేపర్లుండేవి. కోవిడ్ తర్వాత 2022లో ఏడుకు, 2023లో ఆరుకు తగ్గించారు. సైన్సును 2024 నుంచి ఫిజికల్ సైన్సు 50, బయలాజికల్ సైన్సు 50గా రెండు రోజుల్లో రాయిస్తున్నారు. పాస్ కావాలంటే సబ్జెక్టుకు 35, ద్వితీయ భాష హిందీకి 20.

ఈ లెక్కను కాస్త ఆగి చూడండి. అయిదు సబ్జెక్టుల్లో 35 చొప్పున 175, హిందీలో 20. మొత్తం 195 వచ్చిన పిల్లవాడు పాస్. అయిదింట్లో తొంభైలు తెచ్చుకుని లెక్కల్లో 34 దగ్గర ఆగిన పిల్ల ఫెయిల్, ఆమె మొత్తం 480 దాటినా సరే. పదిలో అడిగేది ‘ఎంత తెలుసు’ అని కాదు, ‘ఏ గుమ్మం దగ్గరైనా ఆగిపోయావా’ అని. అందుకే పదిలో నా దగ్గరికొచ్చే పిల్లలకు బలమైన సబ్జెక్టును పక్కన పెట్టి బలహీనమైనదాన్ని ముందు గట్టెక్కించమని చెప్పేవాణ్ని. తప్పిన సబ్జెక్టు ఒక్కటి సప్లిమెంటరీలో రాసుకుంటే చాలు, మిగతావి ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. మార్కులు మరీ అన్యాయంగా అనిపిస్తే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి, గడువు మాత్రం కొద్ది రోజులే.

కొన్నేళ్లు మార్కుల బదులు గ్రేడ్లు, జీపీఏ ఇచ్చారు. ఒత్తిడి తగ్గుతుందన్నారు. కానీ పది మార్కులతోనే సీట్లిచ్చే ఇడుపులపాయ వంటి ట్రిపుల్ ఐటీలకు వందలమంది పదికి పది జీపీఏతో దరఖాస్తు చేస్తే ఎవరిని తీసుకోవాలి? 2022 నుంచి మళ్లీ మార్కులే వస్తున్నాయి. ఆ ట్రిపుల్ ఐటీల ప్రవేశాల్లో ప్రభుత్వ బడుల పిల్లలకు 4 శాతం అదనంగా కలిపే పద్ధతి కూడా ఉంది. అంటే మార్కు సమానం, తూకం వేరు. ఇది సరైన పనేనని నా అభిప్రాయం. కాదనేవాళ్లతో మా ఇంటి మెట్ల మీద చాలాసార్లు వాదించాను.

‘చూడటం’ ఆగిపోయి ‘పంపడం’ మాత్రమే మిగిలితే ఏమవుతుందో తెలియాలంటే 2022 ఫలితాలు చూడాలి. 2020లో కోవిడ్ వల్ల పది పరీక్షలు రద్దు చేసి అందర్నీ పాస్ చేశారు. 2021లోనూ పరీక్ష లేదు, ఎఫ్‌ఏ మార్కులతోనే గ్రేడ్లు కట్టారు. స్టాఫ్ రూములో ఒక్క సాయంత్రం వేసిన ఆ తొమ్మిదులే పిల్లల భవిష్యత్తయి కూర్చున్నాయి. 2022లో పరీక్ష పెట్టారు. 6,15,908 మంది రాస్తే 4,14,281 మంది పాసయ్యారు, 67.26 శాతం. రెండు లక్షలకు పైగా తప్పారు. వాళ్లు ఎనిమిదో తరగతి చివర్లో బడులు మూతపడి, తొమ్మిదో తరగతిలో నెలల తరబడి ఇంట్లో ఉన్న పిల్లలు. క్లాసులు మారాయి, పాఠాలు వాళ్లతో రాలేదు. తర్వాత 2025లో అది 81.14 శాతానికి చేరింది.

పక్క రాష్ట్రాల వాకిళ్లలో ఉన్న మనకు ఇంకో చిక్కు. నగరి, సత్యవేడు వైపు నుంచి తమిళనాడు బడికి పోయిన పిల్లకు పది అంటే అయిదు సబ్జెక్టులు, 500 మార్కులు. కుప్పం నుంచి కర్ణాటకకు పోతే 625 మార్కులు, ఏడాదికి ఒకటికి మించి పరీక్షలు, వాటిలో మెరుగైనవి ఉంచుకోవచ్చు. సీబీఎస్‌ఈ కూడా 2026 నుంచి పదికి రెండు పరీక్షలు పెట్టింది. మొదటిది తప్పనిసరి, రెండోదాంట్లో మూడు సబ్జెక్టుల దాకా మార్కులు మెరుగుపరచుకోవచ్చు. ఒక్క రోజు జ్వరం వస్తే ఏడాది పోయే కాలం నెమ్మదిగా పోతోంది. ఈ మార్పు మనకూ రావాలని కోరుకునేవాళ్లలో నేనొకణ్ని.

ఫెయిలైనా పైకే

ఇంటర్ సంగతి మళ్లీ తిరగబడుతుంది. ఇక్కడ రెండేళ్లూ బోర్డు పరీక్షలే, పేపరుకు దాదాపు 35 శాతం రావాలి. కానీ ఫస్టియర్‌లో ఒకటో రెండో పేపర్లు పోయినా సెకండియర్ క్లాసులో కూర్చోవచ్చు. పోయినవి సప్లిమెంటరీలోనో, సెకండియర్ పరీక్షలతో కలిపో రాసుకోవాలి. అన్నీ గట్టెక్కితేనే సర్టిఫికెట్. పాసైన పేపర్లలో మార్కులు చాలవనుకుంటే ఇంప్రూవ్‌మెంట్ కూడా రాయవచ్చు. ఫస్టియర్ బోర్డు పరీక్షే ఎత్తేద్దామని 2025 జనవరిలో ఇంటర్ బోర్డు ప్రతిపాదించి, అభిప్రాయాలు సేకరించాక వెనక్కి తగ్గింది.

కాబట్టి టిఫిన్ బండామె పెద్దమ్మాయి విషయంలో తొందరపడాల్సింది సప్లిమెంటరీ ఫీజు గడువు గురించి. ‘ఎట్లాగూ సెకండియర్‌కు పంపుతారు కదా’ అని వదిలేస్తే వచ్చే మార్చిలో రెండేళ్ల ఫిజిక్స్ ఒకేసారి మీద పడుతుంది. ఫస్టియర్ ఫిజిక్స్ రానివాళ్లకు సెకండియర్ ఫిజిక్స్ ఎక్కడానికి మెట్టే ఉండదు. అయిదో తరగతి తమ్ముడి తీసివేతలకూ, ఈ అక్క ఫిజిక్స్‌కూ జరిగింది ఒకటే. పై తరగతికి పంపినవాళ్లు కింద ఏం వదిలేసి వస్తోందో ఆ పిల్లతో చెప్పి పంపలేదు.

ఇంకోలా చేసి చూపించినవాళ్లు మన ఉమ్మడి జిల్లాలోనే ఉన్నారు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో 1980ల చివర నుంచి చిన్న బడులు నడిపారు. ఒకే గది, ఒకరే టీచరు, ఒకటి నుంచి అయిదు దాకా అందరూ కలిసే. పాఠ్య పుస్తకం బదులు కార్డులు, గోడ మీద ఒక నిచ్చెన. ప్రతి పిల్లా తానున్న మెట్టు తాను చూసుకుని, ఆ మెట్టు కార్డు తీసుకుని పని చేసుకుంటుంది. కొన్ని మెట్లకొకసారి తనను తాను పరీక్షించుకునే కార్డు వస్తుంది. రాకపోతే మరికొన్ని అభ్యాసాలు చేసి మళ్లీ అదే మెట్టు. జ్వరమొచ్చి పదిరోజులు రాని పిల్ల తిరిగొచ్చి, వదిలిన మెట్టు మీదే కాలు పెడుతుంది. వైకుంఠపాళి పటంలోంచి పాములన్నీ తీసేసి నిచ్చెనలు మాత్రం ఉంచినట్టు. చెన్నై కార్పొరేషన్ బడులు దీన్ని చూసి తమ పద్ధతి మార్చుకున్నాయి, తర్వాత తమిళనాడు అంతటా పాకింది. పెద్ద తరగతులకు ఇది ఎంతవరకు పనికొస్తుందన్నది వేరే చర్చ. చిన్న తరగతుల్లో ‘పాసా ఫెయిలా’ అనే ప్రశ్నే పుట్టకుండా, ఎవరికి ఏం రాదో మాత్రం ప్రతిరోజూ తెలిసేలా చేయవచ్చని ఆ గది చూపించింది.

ఆమెకు నేను ఇంత చెప్పలేదు. మళ్లీ బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడు “ఎన్ని మార్కులు, ఏ ర్యాంకు” అని కాకుండా “వీడికి ఏం రాదు సార్, ఇంట్లో మేమేం చేయాల” అని అడగమన్నాను. స్లిప్ టెస్టు పేపర్లు పారేయకుండా ఒక కవర్లో పెట్టుకోమన్నాను. వేసవి సెలవుల్లో బండి దగ్గర చిల్లర లెక్క చిన్నోడికే అప్పజెప్పమన్నాను.

“వాడు చిల్లరిస్తే నా బండి మునుగుతాది సార్” అంది. అయినా అప్పజెప్పింది.

నిన్న పొద్దున వంద నోటు ఇచ్చి ముప్పై అయిదు రూపాయల మసాలా దోశ కట్టించుకున్నాను. చిన్నోడు పెదాలు కదుపుతూ లెక్కపెట్టి డెబ్బై అయిదు చేతిలో పెట్టాడు. పది నోటు తిరిగిచ్చి నిలబడ్డాను. వాడు నోటు వైపు చూశాడు, నా వైపు చూశాడు, డబ్బాలో చెయ్యి పెట్టబోయి ఆగి మళ్లీ వేళ్లు మడిచాడు. వెనక ఇద్దరు కస్టమర్లు తొందరపెడుతున్నారు. వాళ్లమ్మ అట్లకాడ ఎత్తి “ఉండండప్పా, మావోడు లెక్క చూసుకుంటా ఉండాడు” అంది.